చూడటమా, చూసుకోవడమా?



లారీల్లోకి కొత్త కన్నొకటి వచ్చింది. స్టీరింగు ఎదుట, అద్దానికి ఒక పక్కన చిన్న కెమెరా పెడుతున్నారు. డ్రైవరు రెప్ప వాలిస్తే అది కూస్తుంది. ఫోను చెవి దగ్గర పెట్టుకుంటే కూస్తుంది. ఇంకొక పెట్టె లోపలెక్కడో బిగించి ఉంటుంది. బండి ఎక్కడుంది, ఎంత వేగంతో పోతోంది, బ్రేకు ఎక్కడ గట్టిగా పడింది, ఎక్కడ ఎంతసేపు నిలబడింది, ఇవన్నీ అది యజమాని ఫోనుకు పంపుతూనే ఉంటుంది. డీజిలు ట్యాంకులో ఒక కొలత కడ్డీ. టోలుగేటు దాటిన కబురు ఫాస్టాగు చెబుతుంది. నందిపేట్‌లో ఎత్తిన పసుపు బస్తాలు సాంగ్లీ మార్కెట్టులో దిగేలోపు డ్రైవరు ఎక్కడెక్కడ టీ తాగాడో నిజామాబాదులో కూర్చున్న యజమాని చెప్పగలడు.

ఇది న్యాయమేనా ఫాదర్, అని ఈ మధ్య నన్ను ఇద్దరు అడిగారు. ఒకరు డ్రైవరు, ఒకరు నాలుగు లారీల యజమాని. ప్రశ్న ఒక్కటే గాని ఒకరి ప్రశ్నలో కోపం ఉంది, ఇంకొకరి ప్రశ్నలో భయం ఉంది. ఇద్దరికీ కలిపి ఇక్కడే జవాబు రాస్తున్నాను.

మొదట భయం సంగతి. 2022లో మన దేశంలో రోడ్ల మీద చనిపోయినవారు 1,68,491 మంది అని కేంద్ర రవాణా శాఖ లెక్క. అంటే రోజుకు 460 మందికి పైగా. ఆ మరణాలలో మూడింట రెండు వంతులకు మించి అతివేగం కిందే రాశారు. 2025 నవంబరు 3న చేవెళ్ళ దగ్గర మీర్జాగూడలో కంకర టిప్పరు ఆర్టీసీ బస్సును ఢీకొన్నప్పుడు ఆ కంకరంతా బస్సులో కూర్చున్నవారి మీద పడింది. 19 ప్రాణాలు పోయాయి. ఎవరి తప్పు ఎంత అన్నది దర్యాప్తు చేసేవారి పని. నేననేది ఇంతే: అంత బరువును రోడ్డు మీద నడపడం డ్రైవరు సొంత వ్యవహారమూ కాదు, యజమాని సొంత వ్యవహారమూ కాదు. 2020లో సేవ్‌లైఫ్ ఫౌండేషను వారు పది నగరాలలో లారీ డ్రైవర్లను అడిగితే దాదాపు సగం మంది అలసిపోయినా, నిద్ర వస్తున్నా బండి నడుపుతున్నామని ఒప్పుకున్నారు. ఈ సగం మంది మన 44వ నంబరు రహదారి మీద కూడా ఉన్నారు. ఇందల్వాయి టోలుగేటు దగ్గర అర్ధరాత్రి ఒక అరగంట నిలబడి వారి కళ్ళు చూస్తే చాలు.

సెమినరీలో తత్వశాస్త్రం చదివేటప్పుడు ప్లేటో ‘రిపబ్లిక్’ రెండవ భాగంలోని ఉంగరం కథ మాకు పాఠంగా ఉండేది. గైజీసు వంశానికి చెందిన ఒక గొర్రెల కాపరికి ఉంగరం దొరుకుతుంది. దాన్ని లోపలి వైపుకు తిప్పితే మనిషి మాయమవుతాడు. తాను ఎవరికీ కనబడనని తెలిసిన తరువాత అతడు రాజును చంపి రాజ్యం తీసుకుంటాడు. ఎవరూ చూడనప్పుడు కూడా మంచిగా ఉండే మనిషి ఉంటాడా అన్నది అక్కడి ప్రశ్న. లారీలో కెమెరా ఆ ఉంగరానికి తలకిందులు. అక్కడ ఎవరికీ కనబడని మనిషి. ఇక్కడ ఎప్పుడూ కనబడే మనిషి. ఎప్పుడూ ఒక కన్ను చూస్తూ ఉంటే మంచితనానికి చోటెక్కడిది, భయంతో వేగం తగ్గించినవాడిలో సద్గుణం ఏముంది, అని అడిగేవారున్నారు. కర్తవ్యం కోసం చేసిన పని వేరు, కర్తవ్యంలా కనబడే పని వేరు అని కాంటు చెప్పినది వారు గుర్తుచేస్తారు.

ఆ మాటలో నిజముంది. కాని పెర్కిట్ దగ్గర రోడ్డు దాటుతున్న పాపకు డ్రైవరు ఏ ఉద్దేశంతో బ్రేకు తొక్కాడన్నది అక్కరలేదు. బ్రేకు పడితే చాలు. చట్టం పని అంతవరకే. పునీత తోమాసు అక్వీనాసు వారు కూడా శిక్ష భయంతో మొదలైన నడవడి క్రమంగా అలవాటై, చివరకు ఇష్టంగా మారవచ్చునని ఒప్పుకున్నారు. హెల్మెట్టు విషయంలో ఇది మన కళ్ళతో చూశాం. చలానా భయంతో పెట్టుకున్న కుర్రవాడే ఇప్పుడు అది లేకపోతే తల ఖాళీగా ఉన్నట్టుంది అంటున్నాడు. కాబట్టి కెమెరా పెట్టడమే పాపమని నేననను. డ్రైవరు అన్న తమ్ముడికి ఈ మాట రుచించదు, తెలుసు.

ఇక కోపం సంగతి. ఆ డ్రైవరు నందిపేట్ మండలంలోని ఒక ఊరి మనిషి, ఇరవై ఏళ్ళుగా స్టీరింగు పట్టినవాడు. తాగడు. ఆయన అన్నది ఇది: “కెమెరా ఉంటే ఉండనియ్యండ్రి ఫాదర్. నాకేం భయం లేదు.” తరువాత నాగపూరు నుంచి తిరిగి వస్తున్న ఒక రాత్రి జరిగింది చెప్పాడు. రెండు గంటల వేళ కళ్ళు మూతలు పడుతుంటే కెమెరా కూసింది. అది కూయడమూ న్యాయమే, ఆయనకు నిద్ర రావడమూ నిజమే. ధాబా పక్కన బండి ఆపి పడుకున్నాడు. నలభై నిమిషాలు కాకముందే ఫోను మోగింది. “ఎందుకు ఆగినవ్? పొద్దుగాల్ల లోడు దిగాలె కదా!” బండి నిలబడి ఉందని యజమాని ఫోనుకు కబురందింది మరి. ఆయన లేచి, ముఖం కడుక్కుని, బండి తీశాడు. “గది నా కన్ను మూతబడుతే సూస్తది ఫాదర్. ఎన్ని దినాల సంది పండుకోలేదో సూడదు.”

పాఠకులారా, ఇక్కడ కొంచెం ఆగుదాం. నిద్ర వస్తోంది జాగ్రత్త అని చెప్పినదీ అదే ఏర్పాటు. ఆ నిద్రను చెడగొట్టినదీ అదే ఏర్పాటు. యంత్రం రెండుసార్లూ నిజమే చెప్పింది. మరి తప్పు ఎక్కడ జరిగింది?

మన తెలుగులో ‘చూడటం’ అని ఒక మాట ఉంది, ‘చూసుకోవడం’ అని ఇంకొక మాట ఉంది. మధ్యలో ఒక చిన్న ముక్క చేరితే అర్థమే మారిపోతుంది. తల్లి బిడ్డను చూసుకుంటుంది. రైతు ఎడ్లను చూసుకుంటాడు. కోడలు అత్తమామలను బాగా చూసుకుంటోందా అని ఊళ్ళో అడుగుతారు గాని, చూస్తోందా అని అడగరు. చూసుకునేవాడు చూడకుండా ఉండలేడు. చూసేవాడు మాత్రం చూసుకోవాలని లేదు. ఆ రాత్రి యజమాని డ్రైవరును చూశాడు.

ఈ తేడా నా ఊహ కాదు, కొలిచి చూసినవారున్నారు. అమెరికాలో పనిచోటి భద్రత, ఆరోగ్యం మీద పరిశోధించే నియోష్ అనే ప్రభుత్వ సంస్థవారు వాణిజ్య వాహనాల డ్రైవర్లను గుంపులు చేశారు. ఒక గుంపుకు తప్పు చేసినప్పుడు వెలిగే హెచ్చరిక దీపం మాత్రమే పెట్టారు. ఇంకొక గుంపుకు దీపంతో పాటు, పైఅధికారి ఆ డ్రైవరు పక్కన కూర్చుని, వీడియో చూపించి, ఇక్కడ ఏం జరిగింది, ఎందుకు జరిగింది అని మాట్లాడే ఏర్పాటు చేశారు. మూడవ గుంపుకు ఏమీ లేదు. 2017లో ఫలితం ప్రచురించారు. దీపం మాత్రమే ఉన్నవారికీ, ఏమీ లేనివారికీ చెప్పుకోదగిన తేడా లేదు. మనిషి కూర్చుని మాట్లాడిన గుంపులో ప్రమాదకరమైన నడక బాగా తగ్గింది. అంటే కన్ను ఒక్కటే పని చేయలేదు. దాని వెనుక మనిషి కూర్చున్నప్పుడు పని చేసింది.

ఈ మాట విని లారీ రంగం తెలిసిన పెద్దవారెవరూ ఆశ్చర్యపోరు. మునుపు ప్రతి లారీలో ఇద్దరుండేవారు, ఉస్తాదు, క్లీనరు. ఉస్తాదు తల కొంచెం వాలినా క్లీనరు కనిపెట్టేవాడు. పాట ఎత్తుకునేవాడు, ఊసులు చెప్పేవాడు. అప్పటికీ లాభం లేకపోతే “ఉస్తాద్, సాయ్ తాగుదం, పక్కకు ఆపు” అనేవాడు. ఎడమ పక్క అద్దంలో కనబడని సైకిలును తల బయటపెట్టి చూసి చెప్పేవాడు. మన లారీలలో మొదటి హెచ్చరిక పరికరం ఆ క్లీనరే. ఖర్చు తగ్గుతుందని చాలా బండ్లలో క్లీనరును తీసేశారు. అతడి భత్తా మిగిలింది. ఇప్పుడు ఆ మిగిలిన డబ్బుతో కెమెరా కొంటున్నారు. ఆ రోజులే బంగారమని నేను చెప్పడం లేదు. బడికి పోవలసిన పిల్లలు క్లీనర్లుగా పోయి, స్పానరు దెబ్బలు తిన్న సంగతి ఎరుగుదును. అది తిరిగి రాకూడదు. కాని ‘ఆపు’ అనే గొంతు ఒకటి బండిలో ఉండేది. ఇప్పుడు ఉన్నది కూత. కూతకు టీ తాగుదామనడం రాదు.

కన్నులన్నీ ఒకటి కావు, ఇది కూడా గమనించాలి. 2022లో మన ఆర్టీసీ బస్సులలో ఐరాస్తే అనే పథకం కింద హెచ్చరిక పరికరాలు పెట్టడం మొదలుపెట్టారు. హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ, మరికొన్ని సంస్థలు కలిసి చేసిన పని అది. విజయవాడ, బెంగళూరు, నాగపూరు దారులలో తిరిగే రెండు వందల బస్సులను ఎంచుకున్నారు. ఆ పరికరం ప్రధానంగా రోడ్డు వైపు చూస్తుంది. ముందున్న బండి మరీ దగ్గరైతే, గీత దాటితే డ్రైవరుకు చెబుతుంది. అది డ్రైవరుతో కలిసి చూసే కన్ను. పక్కన కూర్చున్న క్లీనరులాంటిది. డ్రైవరు ముఖం వైపు తిరిగిన కన్ను సంగతి వేరు. అది ఎవరి పక్షాన చూస్తోంది అన్న ప్రశ్న అక్కడ తప్పకుండా వస్తుంది.

రోడ్డు వైపు చూసే కెమెరా డ్రైవరుకు సాక్షి కూడా కాగలదు. ప్రమాదం జరిగితే పెద్ద బండిదే తప్పు అని మన జనం ముందే తీర్పు చెప్పేస్తారు. 2024 జనవరి మొదటి రోజుల్లో డ్రైవర్లు దేశమంతా బండ్లు ఆపేసి, పెట్రోలు బంకుల దగ్గర మనమంతా బారులు తీరిన సంగతి గుర్తుంది కదా. గుద్ది పారిపోతే పదేళ్ళ వరకు శిక్ష అన్న కొత్త నిబంధన మీద వారి మొర ఒక్కటే: ఆగితే జనం కొట్టి చంపుతారు. ఆ నిబంధనను అదే ఏడాది జూలైలో మిగిలిన చట్టంతో పాటు అమల్లోకి తేకుండా పక్కన పెట్టారు. అలాంటి డ్రైవరుకు కెమెరా బొమ్మ చేతిలో ఉంటే అది అతడి తరఫు సాక్ష్యం. కాని ఆ బొమ్మ అడిగే హక్కు అతడికి ఉందా? చాలా చోట్ల అది యజమాని దగ్గరే ఉంటుంది, పనికొచ్చినప్పుడు ఆయనే తీస్తాడు.

క్యాబిను గురించి ఒక మాట. అది డ్రైవరుకు పనిచోటు మాత్రమే కాదు. నెలలో ఇరవై రోజులు ఇల్లు కూడా అదే. అక్కడే పడుకుంటాడు, బట్టలు మార్చుకుంటాడు, భార్యతో ఫోనులో పోట్లాడతాడు, జపమాల చెప్పుకునేవాడు చెప్పుకుంటాడు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పింది. ఇంజను ఆగిన తరువాత కూడా ఆ కన్ను తెరిచి ఉండవలసిన పని ఏమిటో నాకు అర్థం కాలేదు. బండి కదలనప్పుడు లోపలి కెమెరా మూసుకోవాలి. దీని మీద పెద్ద చర్చ అక్కరలేదు.

చర్చ కావలసినది ఇంకొక చోట ఉంది. ఇంగ్లండులో బెంథామ్ అనే తత్వవేత్త 1791లో ఒక చెరసాల నమూనా ప్రచురించాడు. మధ్యలో గోపురం, చుట్టూ గదులు. గోపురంలోని కావలివాడికి ఖైదీలంతా కనబడతారు. ఖైదీలకు కావలివాడు కనబడడు. మన లారీ ఏర్పాటులో కూడా డ్రైవరు కనబడతాడు. అతడికి ఆ ట్రిప్పు గడువు పెట్టినవాడు, మిల్లు దగ్గర లోడు దించకుండా రెండు రోజులు బండిని ఎండలో నిలబెట్టినవాడు, పోయిన ఆ రెండు రోజులు రాత్రి వేగంతో సంపాదించుకొమ్మన్నవాడు ఎవ్వరూ ఏ కెమెరాలోనూ కనబడరు.

ఐరోపా దేశాలలో ఈ చర్చ యాభై ఏళ్ళ కిందటే జరిగింది. లారీ ఎన్ని గంటలు నడిచిందో గీసి చూపే టాకోగ్రాఫ్ అనే పరికరాన్ని అక్కడ 1970 నాటి నిబంధనతో తెచ్చారు. బ్రిటిషు డ్రైవర్లు దాన్ని క్యాబినులో గూఢచారి అని తిట్టారు. బ్రిటను ప్రభుత్వం కూడా వెనకాడితే 1979లో ఐరోపా న్యాయస్థానం తప్పుపట్టింది. తరువాత అలవాటు పడ్డారు. ఎందుకు పడగలిగారు? ఆ గీత డ్రైవరును మాత్రమే కాదు, యజమానిని కూడా పట్టిస్తుంది కాబట్టి. అక్కడి 2006 నాటి చట్టం ప్రకారం నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాల విరామం ఇవ్వాలి. రోడ్డు భద్రతకు ముప్పు తెచ్చే విధంగా నడిపిన దూరాన్ని బట్టి, మోసిన సరుకును బట్టి డ్రైవరుకు కూలి కట్టకూడదు. డ్రైవరు గంటలు మీరితే సంస్థ కూడా జవాబు చెప్పాలి. పరికరం కన్నా ఈ మూడు వాక్యాలే ముఖ్యం.

అమెరికావారు దీన్ని సగమే చేశారు. 2017 డిసెంబరు 18 నుంచి లారీలలో గంటలు లెక్కపెట్టే ఎలక్ట్రానిక్ పరికరం తప్పనిసరి అయింది. గంటల ఉల్లంఘనలు బాగా తగ్గాయి. కాని చిన్న కంపెనీలలో ప్రమాదాలు తగ్గలేదని, వేగం వంటి ఉల్లంఘనలు పెరిగాయని తరువాత పరిశోధకులు చూపించారు. కారణం పెద్ద వింత కాదు. అక్కడ చాలామందికి కూలి మైళ్ళ లెక్కన. గంటలు బిగించి, కూలి లెక్క అలాగే ఉంచితే మనిషి గడియారంతో పందెం వేసి పరిగెత్తుతాడు.

మన దగ్గర 1961లోనే మోటారు రవాణా కార్మికుల చట్టం వచ్చింది. రోజుకు ఎనిమిది గంటలు, వరుసగా అయిదు గంటలు పనిచేస్తే అరగంట విరామం అని అందులో రాశారు. అయిదుగురి కంటే తక్కువ పనివారు ఉన్నచోట అది వర్తించేది కాదు. 2025 నవంబరు 21న అమలుకు వచ్చిన కార్మిక స్మృతులలో ఆ చట్టం కలిసిపోయింది. ఎనిమిది గంటల మాట కాగితం మీద ఇప్పటికీ ఉంది. ట్రిప్పుకు ఇంత అని కూలి ఇచ్చేచోట ఆ మాట లారీ ఎక్కదు.

పునీత తోమాసు వారు ఒకచోట ఇతరుల తప్పులో మనకు పాలు ఎన్ని విధాల వస్తుందో లెక్కపెట్టారు. దొంగసొత్తు తిరిగి చెల్లించే బాధ్యత ఎవరిది అన్న సందర్భం అది. ఆజ్ఞాపించినవాడు, సలహా ఇచ్చినవాడు, సమ్మతించినవాడు, పొగిడినవాడు, ఆశ్రయం ఇచ్చినవాడు, పాలు పంచుకున్నవాడు, నోరు మూసుకున్నవాడు, అడ్డుకోగలిగీ అడ్డుకోనివాడు, తెలిసీ చెప్పనివాడు. మొత్తం తొమ్మిది. మా గురువు గారు వీటిని లతీను భాషలో కంఠస్థం చేయించారు. దొంగతనానికి చెప్పినది నిద్రలేని డ్రైవరు చేసిన ప్రమాదానికి కూడా సరిపోతుందని నా అభిప్రాయం. రెప్ప వాలిన కన్ను ఒక్కటే, దాని వెనుక తొమ్మిదిమంది. జగద్గురువులు రెండవ జాన్ పాల్ వారు 1981లో వెలువరించిన ‘లాబోరెమ్ ఎక్సెర్చెన్స్’ విశ్వలేఖలో పెట్టుబడి కన్నా శ్రమకు, పరికరం కన్నా పనిచేసే మనిషికి ముందు చోటు ఇవ్వాలని బోధించారు. ఆ వరసలో మన లారీ యజమానులు మాత్రమే లేరు.

యజమాని పక్షం చెప్పకపోతే అన్యాయం. నాలుగు లారీలు అంటే నాలుగు అప్పులు. నెల తిరిగేసరికి ఫైనాన్సువాడు తలుపు కొడతాడు. దారిలో డీజిలు తీసి అమ్ముకున్న డ్రైవర్లూ ఉన్నారు. సరుకు ఆలస్యమైతే కిరాయిలో కోత పడేది ఆయనకే. ఆ కోత పెట్టేవారు ఎవరు? రేపటికి సరుకు కావాలనే వ్యాపారి. రేపటికే కావాలనే మనం. 1937లో పుట్టిన బోధన్ చక్కెర ఫ్యాక్టరీ సంగతే తీసుకోండి. 2015 డిసెంబరులో అక్కడ లేఆఫ్ ప్రకటించి తలుపులు మూశారు. చుట్టుపక్కల చాలామంది రైతులు వరికి మారారు. మిగిలిన చెరకు దూరపు ఫ్యాక్టరీలకు పోవలసి వచ్చింది. బండెడు దూరంలో ముగిసే పని రాత్రంతా సాగే ప్రయాణమయింది. ఆ పొడుగైన రాత్రి డ్రైవరు కళ్ళలో కెమెరాకు కనబడుతుంది. దాన్ని పొడుగు చేసిన నిర్ణయం ఏ కెమెరాకూ కనబడదు.

కొత్త బండి కొన్నవారు ఆశీర్వాదం కోసం గుడి దగ్గరకు తెస్తుంటారు. తీర్థం చల్లి, ప్రార్థన చెప్పి, ఈ మధ్య యజమానిని పక్కకు పిలిచి ఒకే ప్రశ్న అడుగుతున్నాను. రాత్రి రెండు గంటలకు మీ బండి ఎక్కడో ఆగి ఉన్నట్టు ఫోను చెబితే ఏం చేస్తారు? ఒకాయన వెంటనే “పండుకోనిస్త ఫాదర్” అన్నారు, అంత వెంటనే అన్నందుకు నేను కొంచెం అనుమానించాను. ఇంకొకాయన చాలాసేపు ఆలోచించి, “ఆ పూట నష్టం ఎవరు పెట్టుకోవాలె?” అని తిరిగి అడిగారు. ఆ ప్రశ్న నాకు నచ్చింది. గడువు ముందే ఒక పూట వదులుగా ఒప్పుకోమని, ఆ పూటకు డ్రైవరు భత్తా కోయవద్దని చెప్పాను. వ్యాపారి ఒప్పుకోడన్నారు. అడిగి చూడమన్నాను. మొదట రాసిన నాలుగు లారీల యజమాని మాత్రం ఇంకొక పని చేశారు. రాత్రి పదకొండు నుంచి తెల్లవారి అయిదు వరకు బండి ఆగితే మోగే మోతను ఫోనులో తీయించేశారు. వేగం మీరితే మోగేదాన్ని ఉంచుకున్నారు. ఆ మార్పు చేయడానికి బజారులోని మొబైలు దుకాణం కుర్రవాడు డబ్బు కూడా తీసుకోలేదట.